పరామర్శకు వచ్చి వేదాంతం చెప్పే పెద్దలకు

అయ్యా,

చావింట్లో అలా కూర్చున్నారో లేదో మీరు మొదలుపెడతారు. ఎవరికి ఎవరు, అంతా మాయ, ఆత్మకు చావు లేదు, ఏడవకూడదమ్మా అని. మీ మనసులో చెడు లేదని నాకు తెలుసు. కానీ ఎదురుగా చాప మీదున్న ఆ తల్లిని చూడండి. కొడుకు పోయి మూడు రోజులు కాలేదు. మీ మాట చెవిన పడగానే, తప్పు చేస్తూ దొరికిపోయినదానిలా గబగబా చెంగుతో కళ్ళు తుడుచుకుంటుంది. మీరు వెళ్ళిపోయాక కూడా ఇక నోరు విప్పి ఏడవదు. ఆ ఏడుపు ఆపినందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీరు చెప్పే అద్వైతం నాకూ ప్రాణమే. తాడును చూసి పామనుకున్నవాడికి పాము లేకపోవచ్చు, పట్టిన చెమట మాత్రం ఉంది. వాడికి కావలసింది దీపం, గదమాయింపు కాదు. శంకరులు జగత్తును మిథ్య అన్నారే గానీ, కుందేటి కొమ్ములా బొత్తిగా లేనిదని అనలేదు. జ్ఞానం కలిగేదాకా వ్యవహారంలో తల్లీ ఉంది, కొడుకూ ఉన్నాడు, కడుపుకోతా ఉంది. సన్యాసికి కర్మకాండ లేకపోయినా, కన్నతల్లికి ఇచ్చిన మాట కోసం ఆయన సొంతూరు కాలడికి తిరిగి వచ్చి అంత్యక్రియలు చేశారనే కదా ఆయన జీవిత కథలైన శంకర విజయాలు చెప్పేది.

పైగా ఇది అడిగినవాళ్ళకు చెప్పే విద్య. చనిపోయాక ఏమవుతుందని నచికేతుడనే బాలుడు అడిగితే యముడు వెంటనే చెప్పలేదు. నూరేళ్ళు బతికే కొడుకుల్ని కోరుకో, ఏనుగుల్ని, బంగారాన్ని కోరుకో, ఇది మాత్రం అడక్కు అని బతిమాలాడు. సాక్షాత్తు మృత్యువే అంత వెనకాడిన సంగతి, అడగని మనిషికి, శవం లేచిన మర్నాడే ఎలా చెబుతాం?

మీ ఇంట్లో రమణ మహర్షి పటం ఉంటుంది. ఆయన దగ్గరికి ఎచ్చమ్మాళ్ అనే ఆవిడ వచ్చింది. భర్త, కొడుకు, కూతురు, ముగ్గురూ పోయారు. ఆమె ఎదుట నిలబడింది. ఆయన ఒక్క మాటా అనలేదు. ఆ మౌనంలోనే ఆమె బరువు తగ్గింది. తర్వాత ఏళ్ళ తరబడి ఆయన ఉండే కొండ మీదికి అన్నం మోసుకెళ్ళింది. పెంచుకున్న కూతురు చెల్లమ్మ కూడా పోయినప్పుడు, ఆ పిల్ల కన్న పసివాణ్ణి తెచ్చి ఆయన చేతుల్లో పెట్టి ఏడిస్తే, మహర్షి కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. 1922లో తల్లి అళగమ్మ ప్రాణం పోయే వేళ ఒక చెయ్యి గుండె మీద, ఒక చెయ్యి తల మీద ఉంచి పక్కనే కూర్చున్నారు. 1948లో లక్ష్మి అనే ఆవు పోయేటప్పుడూ అంతే. 16వ ఏట మదురైలో, ఈ దేహం నేను కాదని తేల్చుకున్న మనిషి ఆయన! ఆ జ్ఞానం ఆయన కన్నీటికి అడ్డు రాలేదు.

వదిలెయ్యమ్మా అంటారు. వదలడమనేది ఒకరు చెబితే ఇంకొకరు చేసే పని కాదు. వాడి చొక్కాలు ఎప్పుడు ఎవరికివ్వాలో, వాడి మంచం ఎప్పుడు తీయాలో ఆమెకే తెలుస్తుంది. అసలు ఆ ఏడుపు వింటూ కూర్చోవడం మీకు కష్టంగా ఉంది, అందుకే శ్లోకం అందుకుంటున్నారని నా అనుమానం. రెండు లేవని నమ్మేవారికి ఆ ఏడుపు పరాయిదెలా అవుతుంది?

ఈసారి వెళ్ళినప్పుడు ఆ అబ్బాయిని పేరు పెట్టి తలచుకోండి. ఆమె వాడి చిన్నతనం చెబితే వినండి, చెప్పిందే మళ్ళీ చెప్పినా వినండి. ఏడాదికో, పదేళ్ళకో, నా బిడ్డ ఎక్కడికి పోయాడండీ అని ఆమే మిమ్మల్ని అడగవచ్చు. అప్పుడు చెప్పండి. మీరు చదివినదంతా ఆ రోజు ఆమెకు కావాలి.

నమస్కారాలతో,
మీ వీధిలో మనిషి