గుర్రపుడెక్క బదిలీ

తెనాలి కాలువ వంతెన మీద ఆగి కిందికి చూస్తే నీళ్లు కనపడవు. నున్నటి ఆకులు, ఊదా పూలు, మధ్యలో దర్జాగా ఓ కొంగ. ఊరికి కొత్తవాళ్లు పార్కనుకుంటారు. ఆంధ్రా ప్యారిస్ అన్న పేరు నిలబెట్టటానికి పాపం గుర్రపుడెక్క చేతనైనంత చేస్తోంది.

మొన్న పొక్లెయిన్ దిగింది. తొండం ముంచి ఒక్క విసురున పైకి లాగింది. ఉబ్బిన కాడలు, గడ్డంలా వేలాడే నల్లటి వేళ్లు, వేళ్లలో గిలగిల్లాడే రొయ్యపిల్లలు, రెండు ప్లాస్టిక్ సీసాలు, ఒంటి చెప్పు. అన్నీ గట్టు మీద పడేసింది. సాయంత్రానికి గడ్డివామంత కుప్ప.

"దీన్నెప్పుడు ఎత్తుకెళ్తారు బాబాయ్?" అని కాలువ లస్కర్ని అడిగాను.

"ఎత్తుకెళ్లటం వేరే ఎస్టిమేటు అబ్బాయ్. ఇప్పటికి తియ్యటం వరకే."

ఆ రాత్రే వాన. తెల్లారేసరికి సగం కుప్ప జారి, తేలి, పాత చోటికి చేరింది.

అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క ఇది. గింజ బురదలో ఇరవై ఏళ్లు ఆగి మొలవగలదు. అంటే నాలుగు ఎన్నికలు చూస్తుంది.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా పుట్టాక దీని దశ తిరిగింది. తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, దిగువనున్న రేపల్లె బాపట్లలోకి వెళ్లింది. నీళ్లకి మాత్రం ఎగువా దిగువా తప్ప జిల్లాలు తెలియవు. వంతెన కానాకి అడ్డంపడ్డ డెక్కని గడతో ఒక్క నెట్టు నెడితే చాలు, అది కింది వాళ్ల సమస్య. ఫైలూ, సిఫార్సు ఉత్తరమూ లేకుండా జరిగే బదిలీ నా ఎరుకలో ఇదొక్కటే. శివారు రైతు నాట్లకి నీళ్ల కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తుంటే డెక్క వస్తుంది. వానలప్పుడు అదే డెక్క మురుగు డ్రెయిన్లో బిరడాలా బిగుసుకుని నీళ్లని చేలోనే ఆపుతుంది.

పూలు బాగున్నాయని దక్షిణ అమెరికా నుంచి ముచ్చటపడి తెచ్చుకున్నదే ఇది. బెంగాల్లో 1936లో దీని మీద ఏకంగా చట్టం చేశారు. అక్కడి 1937 ఎన్నికల్లో ప్రధాన పార్టీలన్నీ నిర్మూలిస్తామని మేనిఫెస్టోల్లో రాసుకున్నాయి. 1910లో అమెరికాలో రాబర్ట్ బ్రూసార్డ్ అనే లూసియానా ప్రతినిధి, ఆఫ్రికా నుంచి నీటిగుర్రాలని దింపి డెక్కని మేపుదాం, ఆనక వాటి మాంసం మనం తిందాం అని బిల్లే పెట్టాడు. గుర్రపుడెక్కకి నీటిగుర్రం! బిల్లు నెగ్గలేదు. మన దగ్గరైతే నెగ్గేది, నీటిగుర్రాల దాణాకి ముందే టెండరు పిలిచేవాళ్లు.

మన దేశంలో 1980ల్లో నియోకెటినా అనే ముక్కుపురుగుల్ని తెచ్చి వదిలారు. జీతం అడగవు, డీజిలు తాగవు, ఆకుల్ని గీరి తింటూ ఏళ్ల తరబడి పనిచేస్తాయి. వచ్చిన చిక్కల్లా అక్కడే. ఏళ్ల తరబడి జరిగే పనికి మార్చి 31లోపు బిల్లెలా పెడతారు?

ఇంతకీ డెక్కని ఎస్టిమేటు లేకుండా చంపేది సముద్రం. కొట్టుకుంటూ కొట్టుకుంటూ నిజాంపట్నం వైపు పోయి, ఉప్పునీళ్లు తగలగానే ఆకు మాడి, కాడ కుళ్లి పోతుంది. ఆ సముద్రాన్నీ మనవాళ్లు వదల్లేదు. 1984లో పరిశోధనకని దేశంలోకి తెచ్చిన కప్పాఫైకస్ అనే ఫిలిప్పీన్స్ నాచు, తర్వాత వ్యాపార సాగుకెక్కి, 2008 నాటికి రామేశ్వరం దగ్గర కురుసడై దీవి పగడాల మీద పరుచుకుని కూర్చుంది. ఉప్పుకి చావని కలుపు.

ఈ సంగతి లస్కర్‌కి చెప్పాను. గడ వంతెన గోడకి ఆనించి కాసేపు ఆలోచించాడు.

"సముద్రంలోదాన్ని ఎటు నెడతారు అబ్బాయ్?"