పాతబస్తీ లాడ్జిలో హాయిగా ఉండుట ఎలా?

జేబు బరువుగా ఉన్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. వాళ్లకి ఫలక్‌నుమా కొండ ఉంది. ‘పైగా’ నవాబుల వంశపు వికారుల్ ఉమ్రా కట్టించుకుని, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతుల్లో పెట్టాల్సి వచ్చిన ఆ మహలు 2010 నుంచి హోటలుగా నడుస్తోంది. అక్కడ భోజనాల బల్ల ఒక్కదాని చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. మన బాపతు వేరు. చార్మినార్‌కి నడిచి వెళ్లేలా ఉండాలి, రేటు వినగానే గుండె ఆగకూడదు, పిల్లలకి పరుపు ఊరికే వెయ్యాలి. ఈ సూచనలు అలాంటివారి కోసం.

గదిని ఫోన్లోనే ఎంచుకోండి. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఏమిటో అప్పుడే బోధపడుతుంది. తెల్లటి దుప్పటి, దాని మీద హంసలా మడిచిన తువ్వాలు, కిటికీ నిండా చార్మినార్. ఆ ఫొటో తీసినాయన ఎవరి డాబా ఎక్కాడో మనకనవసరం. ‘చార్మినార్ వ్యూ’ పేరుతో అదనంగా కట్టిన సొమ్ము ఎక్కడికీ పోదు. వ్యూ ఉంది. బాత్రూములో బకెట్టు బోర్లించి, దాని మీదికెక్కి, వెంటిలేటర్లో వదులైన అద్దాన్ని పక్కకి జరిపితే, ఎదురింటి నల్లటి నీళ్ల ట్యాంకు వెనకాల ఒక మినారు కొస కనిపిస్తుంది. నాలుగింటిలో ఒకటి కనిపించింది గనక ప్రకటనలో పాతిక శాతం నిజమే. సినిమా ట్రైలర్లలో అంత కూడా ఉండదు.

గదిలోకి వెళ్లగానే స్విచ్చి బోర్డుతో పరిచయం పెంచుకోండి. మేం దిగిన గదిలో రెండు వరసల స్విచ్చులుండేవి. మొదటిది వేస్తే ఏమీ కాలేదు. రెండోది వేస్తే కారిడార్లో లైటు వెలిగింది. మూడోది వేస్తే పక్కగదిలోంచి “ఎవడ్రా అది?” అని కేక వినిపించింది. ఫ్యాను ఏ స్విచ్చికీ లొంగలేదు. అదెప్పుడూ తిరుగుతూనే ఉంది, ఏసీ వేసినా, కరెంటు పోయి వచ్చినా. ఏసీ కూడా పనిచేసింది, అబద్ధమెందుకు? చల్లదనం బయటికీ నీళ్లు లోపలికీ పంపింది. దాని కింద బకెట్టు పెట్టాలి. వ్యూ కోసం కావలసిందీ అదే బకెట్టు గనక కుటుంబంలో ముందే వంతులు వేసుకోండి.

బెల్లు నొక్కడం మంచి వ్యాయామం. దగ్గర్లోనే సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక గడియారం ఉంది. గంట గంటకీ దాని తలుపు తెరుచుకుని చిన్న బొమ్మ బయటికొస్తుంది, లెక్క ప్రకారం గంట కొట్టి లోపలికి పోతుంది. అది చూడటానికి జనం బెంచీల మీద ముందే సర్దుకుని కూర్చుంటారు. మీరూ చూసి రండి. పిలవకపోయినా టైముకి వచ్చేవాళ్లు ఈ పేటలో ఉన్నారన్న ధైర్యం కలుగుతుంది. లాడ్జి కుర్రాడు మాత్రం “అబ్బీచ్ ఆతా సాబ్” అని ఫోన్లో అంటాడు. వేడినీళ్లు రావడం లేదని కౌంటర్లో చెబితే మేనేజరు చిరునవ్వుతో “ప్లంబర్‌కి చెప్పినం సార్, దారిల ఉన్నడు” అంటాడు. కంగారుపడకండి. మక్కా మసీదు పని 1617లో మొదలై 1694లో ఔరంగజేబు హయాంలో గానీ ముగియలేదు. ఇక్కడ ఓపిక స్థానిక సంప్రదాయం.

బట్టలు సూట్‌కేసులోనే ఉంచండి. బీరువా ఉంది గానీ తలుపు తెరిస్తే మళ్లీ మూతపడదు, లోపల హ్యాంగరు లేదు, ఉన్న ఒక్క మేకూ తువ్వాలు బరువుకి ఊడివస్తుంది. మనసు చివుక్కుమంటే పురానీ హవేలీకి వెళ్లండి. మహబూబ్ అలీ పాషా బట్టల బీరువా అక్కడి మ్యూజియంలో ఉంది. బీరువా అనడం అన్యాయం. అది హాలు పొడవునా రెండంతస్తుల్లో సాగే చెక్క వీధి, పై అంతస్తుకి చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది. వేసిన బట్ట మళ్లీ వేసేవాడు కాదని ఆయన గురించి చెప్పుకుంటారు. మా మేకు గురించి ఆయనకి తెలిస్తే ఏమనేవాడో! ట్యూబ్‌లైటు చిటపటలాడుతూ వెలగనని మొరాయించినప్పుడు చౌమహల్లా ప్యాలెస్ మందు. ఖిల్వత్ దర్బారు హాల్లో 19 షాండ్లియర్లున్నాయి. శుక్రవారం మాత్రం ఈ మందు దొరకదు, ప్యాలెస్‌కి సెలవు. సాలార్‌జంగ్‌కీ ఆ రోజే సెలవు. శుక్రవారంనాడు మీరూ మీ ట్యూబ్‌లైటే.

మధ్యాహ్నం ఏసీ బకెట్టు నిండే వేళకి లాడ్ బజార్‌కి వెళ్లిపోండి. కొనేవాళ్లని కొననివ్వండి, మీరు గాజులు చేసేచోట నిలబడండి. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడుతుంది. దాన్ని పొడుగ్గా సాగదీసి, కొలతకి వంచి, చివరలు కలిపేస్తారు. వేడి ఆరేలోపు రాళ్లు ఒక్కొక్కటే ఎత్తి అద్దాలి. ఆ చేతివేళ్లకి వేడి తెలియదేమో అనిపిస్తుంది. ఈ గాజులకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. బేరం ఆడటానికి మాత్రం ఆ గుర్తింపు అడ్డం కాదు. షాపు మెట్లు దిగాక వెనక్కి పిలుస్తారు. పిలవకపోతే మీరే ఏదో మరిచిపోయినట్టు వెనక్కెళ్లండి.

రాత్రి నిద్ర గురించి అడుగుతారని తెలుసు. రంజాన్ నెలలో వెళ్లండి, ఆ ప్రశ్నే రాదు. మదీనా చౌరస్తా నుంచి చార్మినార్ దాకా తెల్లవార్లూ బజారే. బట్టీల్లో దించిన డేగిశాలకి అటొకరు ఇటొకరు నిలబడి పొడుగాటి చెక్క ఘోట్నీలతో హలీం దంచుతుంటారు. మాంసమూ గోధుమా ఏది ఏదో తెలియనంతగా కలిసేదాకా ఆ చేతులు ఆగవు. పైన వేయించిన ఉల్లిపాయలు, నిమ్మచెక్క. ఒక గిన్నె తిని గదికెళ్దామనుకుంటారు. పరుపు మధ్యలో పడిన గొయ్యి, అందులోకి దొర్లి ఒకరి మీద ఒకరు పడే పిల్లలు గుర్తొస్తారు. ఇంకో గిన్నె చెబుతారు. ఆ తర్వాత ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్టు. ఆ తర్వాత చెప్పుల బేరం, అత్తరు సీసాల వాసన, మళ్లీ చాయ్. మా ఆవిడ అర్ధరాత్రి దాటాక గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి, “గది బాగుంటే ఈపాటికి పడుకునుండేవాళ్లం” అంది. తిట్టిందో మెచ్చుకుందో నేను తేల్చుకోలేదు.

రంజాన్ కాకపోతే తెల్లవారకముందే లేవండి. లేపే పని దోమలు చూసుకుంటాయి. పొద్దున్నే నహారీ, కుల్చా తినేవాళ్ల పక్కన చోటు దొరుకుతుంది. తొమ్మిదికి చార్మినార్ తెరవగానే మెట్లెక్కితే పైన రద్దీ ఉండదు. అక్కణ్నుంచి మీ లాడ్జి వెతకండి. నల్ల ట్యాంకు గుర్తు.

ఖాళీ చేసేటప్పుడు బిల్లు నిదానంగా చదవండి. ‘ఎక్స్‌ట్రా బకెట్టు’ అని ఉంటే పోట్లాడండి, ‘వ్యూ చార్జీ’కి మాత్రం నోరెత్తకండి, చూశారు గదా. మేనేజరు ఫోను చేతికిచ్చి “అయిదు స్టార్లు ఇయ్యండి సార్” అని అడుగుతాడు. పరుపుకి ఒకటి, నీళ్లకి సున్నా అనుకుంటూ మొదలుపెడతారు గానీ, లొకేషన్ దగ్గరికొచ్చేసరికి వేలు దానంతటదే అయిదో స్టారు మీదికి పోతుంది. నొక్కేసి, రంజాన్ పండగ ముందు రాత్రి చంద్‌రాత్‌కి వీధి వైపు గది ఉందేమో అడగండి. అడ్వాన్సు కట్టేముందు, బకెట్లు రెండు కావాలని చెప్పండి.