కాలమ్‌కో ఫీల్డు, ఫీల్డుకో పేరు

ప్లాట్లు అమ్మే ఒక ఆఫీసులో నాలుగేళ్లుగా ఎక్సెల్ షీటులో పోగుపడిన కస్టమర్ల చిట్టాను, ఆ పనికోసమే చేసిన సాఫ్ట్‌వేర్ సీఆర్ఎమ్‌లోకి ఎక్కించే ముహూర్తం వచ్చిందనుకుందాం. మొదటి నియమం, షీటును బాగుచెయ్యకూడదు. అందుకేగా అంత డబ్బుపోసి సాఫ్ట్‌వేర్ కొన్నది!

ఏ కాలమ్ ఏ ఫీల్డులోకి వెళ్లాలో అడిగే చోటే కొత్త ఫీల్డు చేసుకోనిస్తుంది సీఆర్ఎమ్‌లలో ఒకటైన హబ్‌స్పాట్. ఈ వరాన్ని మొహమాటపడకుండా వాడుకోవాలి. ‘ఫోన్’ అనే ఫీల్డు ముందే ఉందా? ఉండనీ. షీటులో ఉన్నది ‘సెల్ నం.’ కదా, అది వేరు. ‘వాట్సాప్’కి ఒకటి, ‘మేడమ్ గారి నంబరు’కి ఇంకొకటి. వచ్చే నెల మరో సేల్స్ కుర్రాడు తన షీటుతో దిగి ‘కాంటాక్ట్ నం.’ చేరుస్తాడు. ఆపైన ఒకే మనిషికి పొద్దున్నుంచి నలుగురు ఫోన్ చేసినా తప్పు ఎవరిదీ కాదు. మరో సీఆర్ఎమ్ అయిన సేల్స్‌ఫోర్స్ ఇంపోర్ట్ విజార్డ్‌లో ఈ సుఖం లేదు. ఫీల్డు ముందే సెటప్‌లో చేసుకోవాలి. ఆలోపు ఎవరికైనా ఆలోచన వచ్చే ప్రమాదం ఉంది.

ఇక ఫీల్డు రకం. అన్నిటికీ టెక్స్టే పెట్టాలి. బడ్జెట్ గడిలో ‘4500000’, ‘45 లక్షలు’, ‘బావమరిదిని అడిగి చెప్తారట’ పక్కపక్కనే హాయిగా కాపురం చేస్తాయి. యాభై లక్షల లోపు వాళ్లెవరని యజమాని అడిగినప్పుడే కాస్త ఇబ్బంది. టెక్స్టుగా వరసపెడితే 45 కంటే 100 ముందొస్తుంది, అది పోల్చడం మొదలుపెట్టేది మొదటి అంకె నుంచే మరి. ఊరి పేరుకు డ్రాప్‌డౌన్ అసలొద్దు. హైదరాబాద్, హైద్రాబాద్, భాగ్యనగరం మూడు ఊళ్లుగా రిపోర్టుకెక్కితే కంపెనీ విస్తరించినట్టు ఉంటుంది.

పేర్ల సంగతి ఇంకా రుచికరం. జోహోలోనూ సేల్స్‌ఫోర్స్‌లోనూ లీడ్‌కు, అంటే కొనే అవకాశమున్న మనిషికి, ‘లాస్ట్ నేమ్’ తప్పనిసరి. మనవాళ్లు ‘పి. శ్రీనివాసరావు’ అని రాస్తారు. ‘పి’ని ఫస్ట్ నేమ్‌లో పడేస్తే పండగ శుభాకాంక్షలు ‘ప్రియమైన పి’ అంటూ వెళ్తాయి. తేదీలు కూడా అంతే. సైటు చూడ్డానికి 03/04న వస్తామన్న కుటుంబాన్ని అమెరికా పద్ధతి సెట్టింగు మార్చి 4కే రప్పిస్తుంది.

ముందు 91 చేర్చిన 12 అంకెల ఫోన్ నంబరును ఎక్సెల్ 9.19ఈ+11 లాంటి బీజాక్షరంగా మారుస్తుంది. అలాగే సీఎస్‌వీగా సేవ్ చెయ్యాలి. వరసలన్నీ ఎక్కాయా అని లెక్కపెట్టడం చాదస్తం. 2020లో ఇంగ్లండ్ ప్రజారోగ్య శాఖ పాత ఎక్సెల్ ఫార్మాట్‌ను నమ్ముకుంది. అందులో షీటుకు 65,536 వరసలే పడతాయి. దాంతో 15,841 కోవిడ్ కేసులు సకాలంలో లెక్కకు ఎక్కలేదు. ప్లాట్ల ఆఫీసుకు ఆ భయం ఎందుకు?

చివరికి ఎవరో ఓపికమంతుడు ఫీల్డులన్నీ చూసి ‘సెల్ నం.’ తీసేస్తాడు. సేల్స్‌ఫోర్స్ అయితే దాన్ని 15 రోజులు దాచిపెట్టి, తర్వాత డేటాతో సహా చెరిపేస్తుంది. పదహారో రోజున సేల్స్ కుర్రాడు వచ్చి నంబర్లేవని అడిగితే, పాత షీటు నీ ల్యాప్‌టాప్‌లోనే ఉంది కదా బాబూ, మళ్లీ ఎక్కించుకో అనాలి. ఈసారి ‘సెల్ నం. కొత్తది’ అని పేరు పెట్టమని చెప్పడం మరిచిపోకూడదు.