బాయిలోంచి గాల్లోకి!

బొగ్గుబాయి కొలువు తప్ప ఇక్కడేముంది అని నిట్టూర్చే గోదావరిఖని పోరలకు ఒక దారి ఉంది: ప్రైవేటు జెట్ పైలట్!

లెక్కలు మనకు తెలిసినవే. సింగరేణి భూగర్భ గనిలో బదిలీ కార్మికుడు ఏడాదికి 190 మస్టర్లు నింపితే జనరల్ మజ్దూర్. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. తేడా ఒక్కటే. మస్టరు పడితే కంపెనీ మనకు పైసలిస్తుంది, గంట ఎగిరితే మనమే కట్టాలి.

మెడికల్ పరీక్ష రెండు చోట్లా ఉంది. ఇక్కడ నాయిన అన్‌ఫిట్ అయితే కొడుక్కు కొలువు. అక్కడ కొడుకే ఫిట్ కావాలి. ఇదెక్కడి అన్యాయమో యూనియన్లే అడగాలి.

లైసెన్సు వచ్చాక ఏ జెట్ నడపాలో ఆ రకానికి మళ్లీ శిక్షణ. ఆపైన ‘పిలుస్తాం’ అనే కబురు కోసం ఎదురుచూపు. ఆ విద్యలో మనల్ని మించినవారు లేరు. బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్‌లో 1980ల్లో వాయుదూత్ విమానాలు దిగాయి. తర్వాత దిగినవన్నీ హామీలే. ఇప్పుడు ఎయిర్‌పోర్టు మాట అంతర్గాం వైపు మళ్లింది.

ఎన్నికలొస్తే నేతలు గాల్లోంచే దిగుతారు కదా, అప్పుడైనా పని దొరకదా అంటారా? వాళ్లొచ్చేది హెలికాప్టర్లలో. దానికి లైసెన్సు వేరే! తీరిగ్గా నేర్చుకోండి తమ్మీ. ఎన్నికలకు టైముంది, ఎయిర్‌పోర్టుకు ఇంకా చాలా టైముంది.