370 గ్రాములు

గొడుగుకు పనికొచ్చే గుడ్డ తిర్పాల్‌కూ పనికొస్తుందని నమ్మాను. కాదని చెప్పిన మనిషి ఇంట్లోనే ఉన్నా వినలేదు.

ఝార్‌గ్రామ్ దాటాక బెల్‌పహాడీ వైపు సాల అడవిలో ఒక రాత్రి గడపాలని మా మేనల్లుడికి, వాడి స్నేహితులకు కోరిక. మా ఊరి గోల్‌బజార్‌లో దొరికే నీలం తిర్పాల్ ఒకటి కొంటే సరిపోయేది. కానీ పదడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న తిర్పాల్, చదరపు మీటరుకు 100 గ్రాముల రకమైతే, సుమారు 930 గ్రాములు తూగుతుంది. 60 గ్రాముల పాలియెస్టర్ టఫెటాతో కుడితే అదే కొలతకు 560. ఆ 370 గ్రాముల తేడా నా తలకెక్కింది. అరలీటరు నీళ్ళ సీసా బరువు కూడా లేదది.

గుడ్డ కొన్నాను. 190టి రకం. అంగుళానికి నిలువు పోగులు, అడ్డం పోగులు కలిపి 190 అని దానర్థం. నేత ఎంత దట్టమో ఆ అంకె చెబుతుంది, నీరు ఆగుతుందో లేదో చెప్పదు. నేనా తేడా పట్టించుకోలేదు. కొళాయి కింద పట్టి చూస్తే బొట్లు గుండ్రంగా జారిపోయాయి. అదే పరీక్ష అనుకున్నాను. బొట్లు జారడం పోగుల మీద పూసిన పైపూత గుణం. జోరువాన కొట్టే దెబ్బకు నీరు లోపలికి రాకుండా ఆపాలంటే పోగుల మధ్య సందుల్ని మూసే పాలీయురేథేన్ పొరో, సిలికాన్ పొరో ఉండాలి. ఆ పొర గట్టిదనాన్ని నీటి స్తంభం ఎత్తుతో కొలుస్తారు. 1500 మిల్లీమీటర్లు అని రాసి ఉంటే, ఆ గుడ్డ మీద మీటరున్నర ఎత్తు నీళ్ళు నిలబెట్టినా కారదని లెక్క. నేను కొన్నదానికి ఏ పొరా లేదు. గొడుగు బాగా వాలుగా, బిర్రుగా ఉంటుంది కాబట్టి నీరు నిలవకుండా జారిపోతుంది. నాలుగు తాళ్ళకు కట్టిన పదడుగుల గుడ్డ మధ్యలో జోలెలా దిగి నీళ్ళు పడుతుంది.

మా చినమావయ్య రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యారు. మూతలేని వ్యాగన్లలో సరుకు మీద మైనం పట్టించిన కాన్వాసు కప్పే రోజులు చూసినవారు. నేను మిషను మీద కుడుతుంటే వచ్చి, గుడ్డ అంచు నోటికి ఆనించి ఊదారు. అవతల పెట్టిన అరచేతికి గాలి తగిలింది.

“గాల్నే ఆపనేదు, వాననేటి ఆపుతాదిరా?”

“బొట్లు ఎలా జారిపోతున్నాయో చూడు మావయ్యా” అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. నాకు ఆయన ఊదిన ఊపిరి కన్నా ఫోనులో చదివిన బరువుల పట్టికే పెద్దదైపోయింది.

బెంగాల్‌లో వేసవి సాయంత్రాలు కాల్‌బైశాఖివి. వాయవ్యం నుంచి నల్లగా లేచి, గాలి, ఉరుము, వాన ఒక్కసారిగా మీద పడతాయి. ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, ఏటా చూస్తున్నదే. మేం అడవిలో ఉన్న రాత్రీ అదే వచ్చింది. మొదట గుడ్డ అడుగున సన్నటి తుంపర మొదలైంది. తర్వాత రెండు ముక్కలు కలిపిన కుట్టు వెంట ధార. సూది పడిన ప్రతి బెజ్జానికీ సిలికాన్ రాయాలనీ నేను నేర్చుకోలేదు. దుప్పట్లు తడిసి ముద్దయ్యాయి. పిల్లలు ఒకరినొకరు హత్తుకుని తెల్లవార్లూ వణికారు. వాళ్ళ తల్లులు నన్ను నమ్మి పంపిన పిల్లలు.

మేముండే న్యూ సెటిల్‌మెంట్‌కు తిరిగొచ్చాక ఎలా ఉందిరా అని మావయ్య అడిగారు. గాలికి తాడు తెగిందన్నాను. తాడు తెగలేదు. మేనల్లుడు పక్కనే ఉన్నాడు, నా మొహం వంక చూసి ఊరుకున్నాడు. గుడ్డ విషయంలో చేసింది తెలియనితనం అనుకుందాం. ఇది మాత్రం తెలిసే చేశాను, పైగా పదమూడేళ్ళ పిల్లాడిచేత దాన్ని మోయించాను.

వాడు మళ్ళీ అడవికి వెళ్దామంటున్నాడు. ఈసారి పొర పట్టించిన 70 డెనియర్ నైలాన్ తీసుకోవాలనుకుంటున్నాను. బరువు కాస్త పెరిగినా సరే. కుట్టు నడినెత్తిన వచ్చేలా మడిచి కుట్టాలి, పొర ఉన్న వైపు కిందికి ఉండాలి. కొనేటప్పుడు మావయ్యను గోల్‌బజార్‌కు తీసుకెళ్తాను. దానికన్నా ముందు, మేనల్లుడు వింటుండగానే, తాడు సంగతి ఆయనకు చెప్పాలి.