ముందు తుపాకి, వెనుక దోషి

ఉత్కంఠ ధారావాహికలను నిర్మించు మహానుభావులు పత్రికలవారి యెదుట కూర్చున్నప్పుడెల్ల, తమ కథ యెట్లు ముగియవలెనో మొదటి దృశ్యము చిత్రించిననాడే తమకు తెలియుననియు, ప్రతి సంభాషణయందును ఆ ముగింపునకు బీజములు నాటియుంచితిమనియు, ప్రేక్షకులు దయయుంచి రహస్యమును పొరుగువారికి వెల్లడింపరాదనియు విన్నవించుకొనుచుందురు. ఈ విన్నపములోని కడపటి భాగమును నేను మన్నింపగలను. మొదటి భాగమును, అనగా రహస్యమొకటి కలదను భాగమును మాత్రము నమ్మజాలకున్నాను.

నా అపనమ్మకమునకు మూలపురుషుడు టెక్సస్ రాష్ట్రమున చమురు వర్తకము చేయు జె.ఆర్. ఈవింగ్. అమెరికాలోని సి.బి.ఎస్. సంస్థ 1978లో ప్రారంభించిన 'డల్లాస్' అను ధారావాహికలో అతడొక పాత్ర. ల్యారీ హాగ్‌మన్ అను నటుడు వెడల్పు టోపీ పెట్టి, పెదవి కొనయందు నవ్వు నిలిపి, భార్యను, తమ్ముని, బ్యాంకువారిని, భాగస్వాములను ఏకరీతిని వంచించుచు, ఆ పాత్రను దేశమునకంతకును ప్రియశత్రువుగా జేసెను. 1980 మార్చి 21వ తేదీ రాత్రి ప్రసారమైన భాగమున అతడు కార్యాలయములో ఒంటరిగా నుండగా ఏదో అలికిడి వినవచ్చెను, నడవలోనికి వచ్చి ఎవరదియని యడిగెను, ప్రత్యుత్తరముగా రెండు గుండ్లు వచ్చెను, అతడు నేలగూలెను, తెరపై పేరులు పడెను.

కాల్చినదెవ్వరని ప్రపంచము ప్రశ్నించెను. ప్రపంచమెరుగని సంగతి యేమనగా, కథ యల్లిన రచయితలే ఆ ప్రశ్నను ముందుగా తమలో తాము వేసికొనియుండిరి. ఆ సంవత్సరపు కథ ముగింపునకు వచ్చియుండగా, ఆదరణ చూచి మురిసిన ఛానలువారు మరికొన్ని భాగములు కావలెనని కబురుపెట్టిరి. కొసరుగా ఏమి తూచవలెనో తోచక, రచయితలు తర్జనభర్జనలు పడి, ముందు వానిని కాల్చివేయుదము, కాల్చినదెవ్వరో ఆనక తేల్చుకొందమని నిశ్చయించుకొనిరి. ఈ సంగతిని నిర్మాణములో పాల్గొన్నవారే పిమ్మట నిస్సంకోచముగా చెప్పుకొనిరి గనుక వారియెడ నాకు గౌరవము కలదు. గుండెలపై చేయివేసికొని మాటలాడు నేటివారియెడ అదియును లేదు.

మార్చినుండి నవంబరు 21 దాక, సరిగా 8 నెలలు, జగత్తు ఊపిరి బిగబట్టినదని ఘనముగా చెప్పుకొందురు. ఆ కీర్తిలో సగపాలు వేరొకరికి చెందవలసియున్నది. ఒకవంక హాగ్‌మన్‌గారు, తగిలిన గుండ్లవలన తన వెల పెరిగినదని గ్రహించి, పారితోషికము హెచ్చింపనిదే శయ్యనుండి లేవనని భీష్మించెను. వేరొకవంక జూలైలో హాలీవుడ్ నటులందరును సమ్మెకట్టిరి. నాయకుడు ఆసుపత్రిలో అంతకాలము పడియుండుటకు గాయము కారణము గాక జీతభత్యముల వివాదము కారణమైన కథ లోకమున మరియొకటి కలదో లేదో! ఈ జాప్యమునే అభిమానులు శిల్పమనిరి. కార్మికసంఘమునకు మాత్రము రచయితలలో పేరు వేయలేదు.

ఈలోపల జనులు 'కాల్చినది నేనే' అని చొక్కాలపై అచ్చువేయించుకొని తిరిగిరి. లండనులో పందెములవారు అనుమానితులలో ఒక్కొక్కరికి ఒక్కొక్క రేటు కట్టి సొమ్ము వసూలు చేసిరి. అది అధ్యక్షుని ఎన్నిక సంవత్సరము. తమ దౌత్యోద్యోగులు ఇరానులో బందీలై యుండగా, కార్టరు రీగనులు హోరాహోరిగా పోరాడుచుండగా, రిపబ్లికను పక్షమువారు జె.ఆర్.ను కాల్చినవాడు డెమోక్రాటని ముద్రించిన బిళ్ళలు పంచిపెట్టిరి. ప్రత్యర్థిపై ఇంతకంటె గొప్ప నేరము మోపుటకు వారికి వేరొకటి దొరకలేదు కాబోలు.

ఇక గోప్యమునకై జరిగిన క్రతువు మరింత రమ్యము. నటీనటులలో పలువురిచేత వంతులవారీగా తుపాకి పట్టించి జె.ఆర్.ను కాల్పించి చిత్రించిరి. ఏది నిలుచునో ఏది చెత్తబుట్టకు పోవునో కాల్చినవారికే తెలియదు. రహస్యరక్షణకిది పరాకాష్ఠయని అందరును మెచ్చుకొనిరి. నాకు మాత్రము ఒక చిన్న సందేహము: ఎవ్వరు కాల్చినను కథకు సరిపోవునట్లే యుండెనేని, మొదటినుండియు నాటితిమనెడి ఆ బీజములు ఎవరి పెరటిలో మొలచినట్లు?

తుదకు నవంబరులో సుమారు 8 కోట్ల 30 లక్షలమంది అమెరికనులు పెట్టెల ముందు చేరి, దోషి జె.ఆర్. మరదలు క్రిస్టిన్ అని తెలిసికొనిరి. ఆమెయో, నీ బిడ్డను మోయుచున్నాననెను; ఆయనయో, అపకీర్తికి వెరచి ఆమెను పోలీసులకప్పగింపక విడిచిపెట్టెను. 8 నెలల మథనమున పుట్టిన అమృతమిది! ఆనాటి ప్రశ్న నేటికిని లోకమునకు కంఠస్థము. ప్రత్యుత్తరమడిగిన, తల గోకికొనువారే యధికము.

మన బేతాళుడు శవములో కాపురముండు ప్రేతమేయైనను ఇంతకంటె మర్యాదస్థుడు. కథను తుదముట్ట చెప్పి, పాత్రల ధర్మాధర్మములన్నియు రాజునెదుట పరచి, ఆపైననే ప్రశ్న వేయును. సమాధానము వినినంతనే మారుమాటాడక చెట్టెక్కును. డల్లాసు బేతాళుడో, కథ చెప్పకమున్నే ప్రశ్న వేసి, సమాధానము తనకే తెలియక, వాణిజ్య ప్రకటనల కొమ్మను పట్టుకొని వ్రేలాడెను. తెలిసియు చెప్పనిచో తల వ్రక్కలగుననెడి ఆ శాపము ఇట్టివారికి తగులదు గదా! సాయంకాలపు మన సీరియళ్ళలో సోమవారము వినవచ్చిన తలుపు చప్పుడునకు బుధవారమున గడియ తీయబడి, నడుమ ఇంటిల్లిపాది ముఖములును ఉరుముల నడుమ మూడేసిమార్లు చూపబడి, వచ్చినవాడు పాలవాడని గురువారమున తేలునప్పుడెల్ల ఈ బేతాళుని శిష్యపరంపర యెంత దూరము వ్యాపించినదో నాకు తెలియుచుండును.

న్యాయమునకు ఒక మినహాయింపు చెప్పవలెను. 1990లో 'ట్విన్ పీక్స్' తీసిన డేవిడ్ లించ్, లారా పామర్‌ను చంపినదెవ్వరో చెప్పవలెనను తొందర తనకు లేదనెను. ఛానలువారు నిర్బంధించి ఆ నవంబరులోనే చెప్పించిరి. చెప్పించినపిదప చూచువారు పలుచబడగా, మరు సంవత్సరమే ధారావాహికను చాలించిరి.

డల్లాసువారు అంతటి అమాయకులు కారు. 1985లో జె.ఆర్. తమ్ముడు బాబీ పాత్రధారి ప్యాట్రిక్ డఫీ సెలవు పుచ్చుకొనగా బాబీని కారు క్రింద పడవేసి చంపిరి. ఆదరణ తగ్గగా ఆయననే మరల రప్పించిరి. చచ్చినవాడు వచ్చుటెట్లు? బాబీ మాజీ భార్య పామెలా వేరొకని పెండ్లాడిన మరునాటి ఉదయమున నిద్రలేచి స్నానాలగది తలుపు తీయగా లోపల బాబీ సబ్బు నురుగుతో నిలిచి శుభోదయమనెను. రహస్యము పొక్కకుండుటకై డఫీ వంతును సబ్బు ప్రకటనయని చెప్పి వేరుగా చిత్రించి, తలుపు తీయు పామెలా యెదుట వేరొక నటుని నిలిపి, రెండింటిని అతికించిరట. ఆ దేశమున రేడియో దినములనుండి ధారావాహికలను పోషించినవారు సబ్బుల వర్తకులే గనుక ఈ బొంకులో ఒకవిధమైన కృతజ్ఞతయు కలదు. అంతకుముందు ప్రసారమైన 31 భాగములు, అందలి పెండ్లిండ్లు, కుట్రలు, కన్నీళ్ళు సమస్తమును పామెలా కన్న కలయని 1986 సెప్టెంబరులో తేల్చిరి. ప్రతి సంభాషణయందును బీజములు నాటియుండుటకు కల కంటె సారవంతమైన నేల యేది?

ఒక్క చిక్కు మాత్రము మిగిలెను. ఆ ఈవింగ్ వంశపు మరియొక సోదరుని కథగా 'నాట్స్ ల్యాండింగ్' అను ధారావాహికను అదే ఛానలువారు నడుపుచుండిరి. అందులోనివారు బాబీ మరణవార్త విని అదివరకే ఏడ్చి, కథను ముందునకు సాగించుకొనిరి. పామెలా కలతో తమకు నిమిత్తము లేదని ఊరకుండిరి. కనుక 1986 శరత్కాలమునుండి బాబీ ఈవింగ్ గురువారము రాత్రి కీర్తిశేషుడై, శుక్రవారము రాత్రి తొమ్మిది గంటలకు భోజనపు బల్లయొద్ద కూర్చుండుచు వచ్చెను.