నాది యిల్లు, నాదియే గన్ను: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

నాది యిల్లు గడ్డి నాదియే గన్నంచు
మొలను గట్టి నీరు మొక్క కిడగ
పక్కయింటి తెరలు పదిసార్లు కదలెను
ఫోను మోగెనంట పోలిసులకు

అవతారిక: మల్లినాథసూరి మా మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకి వ్యాఖ్యలు రాశాడు. అదే జిల్లాలో ముప్పై ఏళ్లు తెలుగు పండితుడిగా పిల్లల చేత ప్రతిపదార్థాలు రాయించిన నాకు ఆ నిష్ఠ అబ్బలేదు. ఇప్పుడున్నది టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో, కూతురింట్లో. కారు నడపడం రాదు, కిటికీ మాత్రం ఉంది. పద్యం అల్లింది నేనే, వ్యాఖ్యానించేదీ నేనే. కనుక కవిహృదయం అందలేదన్న సాకు లేదు.

సందర్భం: పక్కింటాయనకి డెబ్బై దాటాయి. పొద్దున ఏడింటికి నిక్కరు, చెప్పులు, నడుముకి ఒర, ఒరలో పిస్తోలు. ఎడమచేత్తో పైపు పట్టుకుని గులాబీలకి నీళ్లు పోస్తాడు. పైపు మెలిక తీయడానికి వంగినప్పుడల్లా ఒర ముందుకి జారుతుంది. ఆయన కుడి మోచేత్తో దాన్ని వెనక్కి అదుముకుంటాడు, మనం పంచె కుచ్చిళ్లు సర్దుకున్నంత మామూలుగా. మా ఆవిడ మొదటిరోజే ఆయనకి పేరు పెట్టేసింది. "ఇగో, పిట్టలదొర మల్ల వచ్చిండు సూడు" అంటుంది. మా ఊరి పిట్టలదొరది కట్టె తుపాకి, కోతలు మాత్రం కోటలు దాటేవి. ఈయన నోరు మెదపడు, తుపాకి నిజంది. అదీ తేడా.

ప్రతిపదార్థం: నాది యిల్లు = ఇల్లు నాది. ఈ రెండు మాటల వెనక నాలుగు వందల ఏళ్ల సాహిత్యముంది. ఎవడి ఇల్లు వాడికి కోట అని ఇంగ్లండులో 1604 నాటి సెమెయిన్ కేసులో ఎడ్వర్డ్ కోక్ రాసిపెట్టాడు. ఆ కోటలోకి తుపాకి 1791లో అమెరికా రెండో రాజ్యాంగ సవరణతో వచ్చింది. ఆ సవరణ ఒకే ఒక్క వాక్యం. అందులో కామాలు ఎక్కడ పెట్టాలి, హక్కు పౌరసేనదా, ఒక్కొక్క మనిషిదా అని రెండు శతాబ్దాలు వ్యాఖ్యాతలు కొట్టుకున్నారు. మన వ్యాఖ్యాతలే నయం, వాళ్ల తగువులో ఎవరికీ ఏమీ తగల్లేదు. చివరికి 2008లో, వాషింగ్టన్ నగరపు పిస్తోలు నిషేధం మీద వచ్చిన హెల్లర్ కేసులో, ఆత్మరక్షణకి ఇంట్లో పిస్తోలు ఉంచుకునే హక్కు వ్యక్తిదే అని సుప్రీంకోర్టు తేల్చింది. అయిదుగురు ఒక పక్క, నలుగురు ఒక పక్క. అంటే "నాది" అన్న మాటకి ఒక్క ఓటు తేడాతో అర్థం స్థిరపడింది.

గడ్డి = పచ్చిక. ఇది ఎక్కడ ముగుస్తుందన్నది ఈ పద్యంలో గొప్ప ప్రశ్న. మా వీధిలో ఇంటి ముందు గడ్డి, తర్వాత కాలిబాట, దానవతల రోడ్డు వరకు మళ్లీ సన్నటి గడ్డి పట్టీ. ఆ పట్టీని కోసేది ఇంటాయనే, కానీ అది దారి కింద లెక్క. టెక్సాస్‌లో 1871 నాటి చట్టం పిస్తోలు కట్టుకుని తిరగడాన్ని నిషేధిస్తూనే సొంత ఆవరణకి మినహాయింపు ఇచ్చింది. బయటికి కనబడేలా పిస్తోలు పెట్టుకుని వీధిలో నడవడానికి, అదీ లైసెన్సుతో, 2016 జనవరి 1 దాకా ఆగాల్సి వచ్చింది. 2021 సెప్టెంబరు 1 నుంచి ఇరవై ఒక్క ఏళ్లు నిండి, చట్టం అడ్డు చెప్పనివాళ్లకి ఆ లైసెన్సూ అక్కర్లేదు. కౌబాయ్ సినిమాలు చూసి పెరిగిన నాకు ఈ తారీఖులు పెద్ద ఆశ్చర్యం. ఇదే పద్యం 2015లో చెప్పుంటే, నాయకుడు పైపు లాక్కుంటూ కాలిబాట మీదికి రెండడుగులు వేస్తే చాలు, గులాబీల పద్యం కాస్తా నేరకథ అయ్యేది.

గన్ను = తుపాకి. మంచి తెలుగుమాట ఉండగా అన్యదేశ్యం ఎందుకంటారా? తుపాకి జగణం. ఆటవెలదిలో ఒక గణంగా ఇమడదు. పైగా అదీ టర్కీ నుంచి నడిచొచ్చిన మాటే. ఇంతకీ ఆయనది గ్లాక్ 17 అని అల్లుడు చెప్పాడు. పదిహేడేమిటి అన్నదాని మీద రెండు వ్యాఖ్యలున్నాయి. మ్యాగజీనులో పట్టే గుళ్లు పదిహేడని ఒకరు, ఆస్ట్రియా దేశపు గ్లాక్ కంపెనీకి అది పదిహేడో పేటెంటని మరొకరు. గుళ్ల లెక్క కూడా నిజమే, కానీ పేరు పేటెంటు వల్ల వచ్చిందట.

మొలను గట్టి = నడుముకి కట్టుకుని. ఇక్కడ "చేత బట్టి" అని పాఠాంతరం చెప్పేవాళ్లున్నారు. అది అంగీకరించరాదు. యతి చెడుతుంది, చట్టమూ చెడుతుంది. 2020 జూన్‌లో సెయింట్ లూయిస్‌లో ఒక లాయర్ దంపతులు తమ వీధిలోంచి వెళ్తున్న నిరసనకారుల మీదికి సొంత ఇంటి ముందు నిలబడే గన్నులు ఎక్కుపెట్టారు. ఇల్లు వాళ్లదే, గడ్డి వాళ్లదే, గన్నులూ వాళ్లవే. మరుసటి ఏడు తప్పొప్పుకుని ఆయన 750 డాలర్లు, ఆవిడ 2,000 డాలర్లు జరిమానాకి సిద్ధపడి, ఆ గన్నులు వదులుకున్నారు. కొన్ని వారాలకే గవర్నరు క్షమాభిక్ష పెట్టాడు, అది వేరే సర్గ. ఒరలో ఉన్నంతసేపు వస్తువు, చేతిలోకి వస్తే మాట. తెర వెనకనుంచి చూసేవాడికి మాత్రం ఒరకీ చేతికీ మధ్య జానెడు దూరమే కనిపిస్తుంది.

పదిసార్లు = అనేకసార్లు అని నిఘంటువు. ఇక్కడ పదంటే పదే. ఆ తెరలు మావే, లెక్కపెట్టింది మా ఆవిడ.

మోగెనంట = మోగిందని వినికిడి. కవి "మోగె" అని ఆపలేదు, "అంట" చేర్చాడు. ఒక శనివారం పొద్దున పోలీసు కారు వచ్చి ఆగింది. ఎవరు 911కి చేశారో తెలియదు. మా అమ్మాయి "నేను కాదు నాన్నా" అంది, అడగకముందే. అల్లుడు ఫోన్లో తల దూర్చాడు. నేనూ రెట్టించలేదు. పోలీసు కాలిబాట మీదే నిలబడి మూడు నిమిషాలు మాట్లాడి, గులాబీల వైపు చెయ్యి చూపించి ఏదో అని నవ్వి వెళ్లిపోయాడు. ఇక్కడి చట్టం ప్రకారం బహిరంగ స్థలంలో తెలిసీ జనాన్ని హడలగొట్టే రీతిలో ఆయుధం ప్రదర్శిస్తే నేరం. చూడాల్సింది చూపిన తీరు, చూసిన ఒక్కడి గుండెదడ కాదు. మా తెరలు ఎన్నిసార్లు కదిలినా అది సాక్ష్యం కింద రాదు.

పోలిసులకు = పోలీసులకు. దీర్ఘం పోయింది. ఛందస్సు కోసమని ఒప్పుకుంటాను. కంగారులో ఫోను చేసేవాడు దీర్ఘాలు తీయడని సమర్థించుకుంటాను కూడా.

వ్యాకరణ విశేషం: పద్యంలో కర్త లేడు. గట్టినదెవరు, నీరిడినదెవరు? "ఒకానొక పురుషుడు" అని అధ్యాహారం చేసుకోవాలి. బడిలో అయితే ఇక్కడితో సరిపెట్టేవాణ్ని. ఇక్కడ ఆ ఖాళీలో ఎవరిని పెడతామన్నదే అర్థం మార్చేస్తుంది. 2016 జులైలో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతీయుడి కారుని ఒక పోలీసు ఆపించాడు. తన దగ్గర గన్నుందని అతనే మర్యాదగా చెప్పాడు. లైసెన్సుంది. క్షణాల్లో కాల్పులు, ప్రాణం పోయింది. మరుసటి ఏడు జ్యూరీ ఆ పోలీసుని నిర్దోషిగా వదిలేసింది. అది ఇంటి ముందు గడ్డి కాదు, రోడ్డు, నిజమే. కానీ మా పక్కింటాయన స్థానంలో మా అల్లుణ్ని నిలబెట్టి, నడుముకి అదే ఒర కట్టి నాలుగో పాదం చదివి చూశాను. పోలీసు నవ్వు దగ్గర పద్యం ముందుకి సాగలేదు.

రసం: కట్టినవాడికి వీరం, తెర వెనక భయానకం. మధ్యలో నిక్కరూ నీళ్ల పైపూ ఉన్నాయి గనక హాస్యమని నా పక్షం. మా ఆవిడ ఒప్పుకోలేదు.

తాత్పర్యం: ఒకాయన తన ఇంటి గడ్డిలో నిలబడి, నడుముకి తన గన్ను కట్టుకుని మొక్కలకి నీళ్లు పోస్తుంటే, పక్కింటివాళ్లు పదిసార్లు తెర తీసి చూశారు, ఎవరో పోలీసులకి ఫోను చేశారట.

అనుబంధం: మొన్న ఆదివారం అల్లుడు తెరలు పీకేసి కిటికీలకి బ్లైండ్సు బిగించాడు. కనుక మూడో పాదం "పక్కయింటి బ్లైండ్సు" అని దిద్దాలి. అయితే "బ్లై" సంయుక్తాక్షరం, ముందున్న "టి"ని గురువు చేస్తే గణభంగం. తెలుగుమాట తర్వాత అన్యదేశ్యం వస్తే ఆ నియమం పట్టించుకోవాలా, అక్కర్లేదా? ఛందస్సు తెలిసినవాళ్లు ఒక ఉత్తరం ముక్క రాసి పుణ్యం కట్టుకోండి.